మంత్రం లేని లంక

పోయిన వారం ఆట ఆగేసరికి నల్లలంక చుట్టూ పోటెక్కిన ఏరు ఉన్నట్టుండి వెనక్కి తగ్గింది. నిలువులోతు నీళ్ళున్న చోట తడి ఇసుక తేలింది. సిపాయి ముందు, గుమాస్తా వెనక, ఆ ఇసుక మీద పడి ఆవలి గట్టు వైపు నడక మొదలుపెట్టారు. అక్కడితో ఆదివారం అయిపోయింది.

ఇవాళే ఈ కథ పడవెక్కినవాళ్ళకి ఇంకొన్ని ముక్కలు చెప్పాలి. నల్లలంక ఏ పటంలోనూ కనిపించదు. పాలకొల్లులో ఒక ట్యుటోరియల్ కాలేజీ మేడమీద గదిలో, ఆదివారం మధ్యాహ్నాలు, నలుగురి నోటిమాటల్లో మాత్రమే ఉంటుంది. దాన్ని కట్టింది హరిచందన, అక్కడే ఫిజిక్స్ చెప్పే అమ్మాయి. పుణెలో ఎమ్మెస్సీ చదివే రోజుల్లో హాస్టల్లో నేర్చుకొచ్చింది ఈ ఆట. దీనికి బోర్డూ పావులూ ఉండవు. కథ నడిపే మనిషి ఊరినీ ఏటినీ ఎదురొచ్చే మనుషుల్నీ మాటలతో కట్టి చూపిస్తే, ఆడేవాళ్ళు తలో వేషం వేసుకుని నేనిలా వెళతాను, అలా చేస్తాను అని చెబుతారు. అవుతుందా కాదా అని సందేహం వచ్చినచోట ఇరవై మొహాల పాచిక వేస్తారు. లాంచీ నడిపేవాణ్ణి సరంగు అన్నట్టే, కథ నడిపే మనిషిని సరంగు అనడం పెద్దిరాజు పెట్టిన అలవాటు.

ఆ పెద్దిరాజుది మొగల్తూరు, రొయ్యల మేత అమ్ముతాడు. ఆటలో అతనే సిపాయి. శివరామకృష్ణ మాస్టారిది ఈ ట్యుటోరియల్, లెక్కలు చెబుతారు. ఆటలో లంక దొర గారి గుమాస్తా. మూడో మనిషి వెంకటదుర్గ, ఊళ్ళో ఒక ప్రైవేటాసుపత్రిలో నర్సు. ఆటలో పడవ నడుపుతుంది. ఆమెదీ మొగల్తూరే. పోయిన ఆదివారం డ్యూటీ పడి ఆటకి రాలేదు.

పుణెలో ఆడిన ఆటల్లో మంత్రాలకి కరువు లేదు. వేలు చూపిస్తే మంట, చిటికేస్తే వెలుతురు, అరచెయ్యి ఆనిస్తే గాయం మాయం. కొన్నాళ్ళకి ఆ ఆటలో ఎవరికీ ఆకలి లేదు, చీకటంటే జంకు లేదు, ఏరు దాటడమంటే లెక్కే లేదు. హరిచందనకి విసుగొచ్చింది. ఇంటికొచ్చి తను కట్టిన లంకలో మంత్రగాళ్ళని పెట్టలేదు. అక్కడ లాంతరులో కిరసనాయిలు అయిపోతే చీకటే. ఉప్పుగాలికి కత్తి తుప్పు పడుతుంది. కాల్లో గుల్ల దిగితే ఆ మనిషి వారాల తరబడి కుంటాల్సిందే. మంత్రం ఎంత తగ్గిస్తే మనుషులు అంత ఒళ్ళు దగ్గర పెట్టుకుని ఆడతారని ఆమె కనిపెట్టిన కిటుకు.

ఒక్క దారి మాత్రం తెరిచి ఉంచింది. కాశీ వెళ్ళినవాళ్ళు ఇష్టమైన కాయో పండో గంగలో వదిలేసి వచ్చి, ఇక జన్మలో దాన్ని నోట పెట్టకపోవడం మన వైపు ఆచారం. కాకరకాయంటే మొహం చిట్లించేవాళ్ళు ఆ కాకరకాయనే వదిలేసి పుణ్యం కొట్టుకురావడం కూడా మన వైపు ఆచారమే. నల్లలంకలో ఏటిని ఎవరైనా ఒక అద్భుతం అడగాలంటే, ఆ వేషం వేసిన మనిషి తన సొంత జ్ఞాపకం ఒకటి, ప్రాణంతో సమానమైనది, అందరి ముందూ చెప్పి వదిలెయ్యాలి. ఆ తర్వాత ఆటలో దాని ఊసు రాకూడదు. మనుషులు అడగడానికి వెనకాడాలని పెట్టిన షరతే తప్ప, అందులో ఇంకేమీ లేదనుకుంది హరిచందన.

పోయిన వారం పెద్దిరాజు వదిలింది తన అన్నయ్య పిలుపు. దీపాలవేళ కాలవగట్టు మీద నిలబడి ఆ అన్నయ్య ఇంటికేసి ఎలా కేకేసేవాడో, నోటి చుట్టూ చేతులు పెట్టి కేకేసి మరీ చూపించాడు. ఆ వెంటనే ఏరు తగ్గింది.

ఇక ఈ ఆదివారం.

పొద్దుటినుంచీ ముసురు. కరెంటు లేదు. కిటికీ రెక్కలు తెరిచినా గదిలోకి వచ్చే వెలుతురు బూడిద రంగులో, చల్లారిన టీలా ఉంది. బోర్డు మీద నిన్నటి పాఠం తాలూకు గంటబొమ్మ అలాగే ఉంది. హరిచందన బల్లలు దగ్గరికి జరుపుతుంటే వెంకటదుర్గ లోపలికొచ్చింది. తిన్నగా ఆసుపత్రి నుంచే వచ్చినట్టుంది, తెల్లచీర అంచు మోకాలి దాకా తడిసి ఉంది. గొడుగు మూల పెట్టింది గానీ కూర్చోలేదు.

"చందన గారూ, పోయిన ఆదివారం ఆటలో ఎవరన్నా ఏదన్నా వదిలారాండి?"

రాలేకపోయిన ఆట విశేషాలు అడుగుతోందనుకుంది హరిచందన. ఏరు తగ్గిన సంగతి, ఇసుక తేలిన సంగతి చెప్పింది. ఆమె పడవ ఇంకా లంక రేవులోనే కట్టి ఉందనీ, భయపడక్కర్లేదనీ నవ్వుతూ చెప్పింది. దుర్గ నవ్వలేదు. తను అడుగుతున్నది ఆట గురించి కాదంది.

ఆ ఆదివారం, సరిగ్గా వీళ్ళు ఆట ఆడుకునే వేళకి, ఆమె వార్డులో ఒక ముసలాయనకి సెలైన్ సీసా మారుస్తోందట. "ఫ్యాను ఆగిపోతే గానీ ఇంతసేపూ అది చప్పుడు చేస్తోందని తెలీదు చూడండి. అలా నాలో ఏదో ఆగిపోయిందండి. తలెత్తి చూస్తే ఫ్యాను తిరుగుతానే ఉంది."

ఏం ఆగిందో అప్పుడు తెలియలేదు. ఇంటికి వెళ్ళాక తెలిసింది. ఆమె తల్లి అచ్చాయమ్మ, రోజూ దీపం పెట్టే వేళకి కొడుకుని తలుచుకోవడం అలవాటు. ఆ కొడుకు తాతాజీ, దుర్గకి అన్నయ్య. నరసాపురం వైపు ఒక బోటు మీద ఇంజను చూసే పనికి కుదిరి, తొంభై ఆరు తుఫానులో సముద్రం మీద ఉండిపోయాడు. బోటు చెక్కలు కొన్ని ఒడ్డుకి కొట్టుకొచ్చాయి. మనిషి రాలేదు. అతను పోయాడని ఆ ఇంట్లో ఎవరూ ఇంతవరకూ ఒప్పుకోలేదు. ఈపాటికి గట్టు మీంచి నీకు కేకేసేవాడే అని ఆ సాయంత్రం కూడా అచ్చాయమ్మ అంది. దుర్గ ఆ కేక తలుచుకోబోయింది.

"మనిషి కనిపిస్తున్నాడండి. లుంగీ ఎగ్గట్టి గట్టు మీద నిలబడ్డాడు. నోటికి చేతులు అడ్డం పెట్టాడు. నోరు తెరుస్తున్నాడు, మెడ నరాలు పొంగుతున్నాయి. చప్పుడు లేదండి."

హరిచందన ఏదో అనబోతే దుర్గ అననివ్వలేదు. మొహానికేం, ఫొటో ఉంది; చొక్కాలు ఉన్నాయి; దువ్వెన కూడా ఉంది. ఆ గొంతు ఒక్కటే ఎక్కడా లేదు, తన చెవుల్లో తప్ప. తల్లిని అడిగి చూసింది. నిన్నే కదే పిలిచేవాడు, నీకే తెలియాలి అని ఆవిడ ఏడ్చింది. వారం నుంచీ వెతుక్కుంటోంది. డ్యూటీలో, బస్సులో, నిద్దట్లో. దొరకడం లేదు.

వరసగా డ్యూటీలు చేస్తే బుర్ర అలాగే మొద్దుబారుతుందని హరిచందన సర్దిచెప్పబోయింది. చెబుతూ చెబుతూనే ఆమెకి తట్టింది. కాలవగట్టు. దీపాలవేళ. అన్నయ్య. ఇవన్నీ పోయిన ఆదివారం ఇదే గదిలో తను విన్నవి.

సరే, అయితే ఏం, అనుకుంది. ఒక ఊరివాళ్ళు, ఒకేలా పిలుచుకుని ఉంటారు. పెద్దిరాజు పిలిచి చూపించాడు కదా, అది కాస్త ఈ పిల్లకి వినిపిస్తే తన అన్నయ్యది తనకే గుర్తొస్తుంది. అలా అనుకుని ఆ కేక వెయ్యడానికి నోరు తెరిచింది.

ఏమీ రాలేదు.

పెద్దిరాజు కిటికీ పక్క బల్ల మీద కూర్చోవడం గుర్తుంది. నోటి చుట్టూ చేతులు పెట్టడం గుర్తుంది. అతని గొంతు కింద ఎముక పైకీ కిందకీ కదలడం కూడా కనిపిస్తోంది. మాట లేదు, కేక లేదు. నిన్ననే ఆమె పిల్లలకి బోర్డు మీద బొమ్మ గీసి చెప్పింది: గాజు జాడీలో గంట పెట్టి, లోపలి గాలంతా లాగేస్తే, గంట కొట్టుకుంటున్నట్టు కనిపిస్తుంది గానీ వినిపించదు. పిల్లలు నమ్మకపోతే నవ్వింది. ఇప్పుడు తన తలలోనే ఎవరో ఆ జాడీ బోర్లించినట్టుంది.

మెట్ల మీద నవ్వులు వినిపించాయి. పెద్దిరాజు, మాస్టారు ఒకే గొడుగులో సగం సగం తడిసి వచ్చారు. పెద్దిరాజు చేతిలో మిరపకాయ బజ్జీల పొట్లం. గుమ్మంలోంచే మొదలుపెట్టాడు.

"సరంగు గారూ, ఏరు తగ్గే ఉందాండి, మళ్ళీ పోటెట్టిందా? గుమాస్తా గారికి పంచె తడిస్తే జలుబు చేస్తదంట, తొందరగా దాటించెయ్యాలి మీరు."

"నా పంచె సంగతి నీకెందుకురా, నీ కత్తికి తుప్పు వదిలించుకో ముందు," అన్నారు మాస్టారు.

అప్పుడు పెద్దిరాజు దుర్గని చూశాడు. ఈ వారం కూడా డ్యూటీ అని ఎవరో చెప్పారట అతనికి. బజ్జీల పొట్లం బల్ల మీద పెట్టి, దాన్ని విప్పడంలో చాలా పని ఉన్నట్టు తల వంచేశాడు. మొగల్తూరు బస్సులో రోజూ ఒకే సీటు దగ్గర నిలబడి కబుర్లాడుకుంటూ వచ్చే మనుషులు వాళ్ళిద్దరూ. అతను తల ఎత్తకపోవడం హరిచందన గమనించింది.

"పెద్దిరాజు గారూ, మీకు అన్నయ్య ఉన్నారా?"

సమాధానం మాస్టారు చెప్పారు. "వీడికి అన్నయ్యేంటమ్మా. వరసగా ఆడపిల్లలు పుట్టాక, మొక్కుకుంటే పుట్టిన ఒక్క మగనలుసు వీడు. అందుకేగా ఇంత గారాబం." చెప్పేసి, చెప్పిన మాట తనకే వినిపించినట్టు ఆగిపోయారు. పోయిన వారం ఆయన కూడా ఇక్కడే ఉన్నారు.



పెద్దిరాజు దాచాలని చూడలేదు. బస్సులో ఎప్పుడో దుర్గ తన అన్నయ్య గురించి చెబుతూ, ఆ కేక ఎలా ఉండేదో చిన్నగా అని చూపించింది. పోయిన ఆదివారం ఏటిని అడగాల్సి వచ్చినప్పుడు అతనికి నోటి చివరికి తనదే ఒకటి వచ్చిందట, వాళ్ళమ్మ గురించి. చెప్పబోయి, దాన్ని మింగేసి, పక్కనున్నది తీసి పెట్టాడు.

"నాది కాదు కదా, ఏరు పుచ్చుకోదులే అనుకున్నానండి. ఒట్టిగా ఆట సాగిపోద్ది, ఎవరిదీ ఏమీ పోదు అనుకున్నాను. కాశీలో కాకరకాయ వదిలినట్టు."

"పుచ్చుకుందండి," అంది దుర్గ.

అరిచి ఉంటే బాగుండేది. ఆమె ఆ మాట, రోగికి జ్వరం ఎంతుందో చెప్పినంత మామూలుగా చెప్పింది.

హరిచందనకి కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియకుండా. ఆటలో ఏం పోతుందండీ, మాటలే కదా, మీరు మీదే చెబితే ఏమైపోయేది, ఏం పోతుందని దాచుకున్నారు అని పెద్దిరాజుని నిలదీసింది.

"నేను నమ్మాను కాబట్టి దాచుకున్నానండి. మీరెవరూ నమ్మలేదు గానీ నేను నమ్మాను." పెద్దిరాజు మొదటిసారి తలెత్తాడు. "మాస్టార్ని అడగండి. ఆయన మొదట్లో ఒకటి వదిలారు. ఏంటో మీకెవరికన్నా గుర్తుందాండి?"

ఎవరికీ గుర్తులేదు. తన తొలి బ్యాచ్ పిల్లల గురించి ఏదో చెప్పారని గుర్తుంది. చెబుతూ కళ్ళజోడు తీసి తుడుచుకున్నారనీ గుర్తుంది. ఏం చెప్పారో మాత్రం హరిచందన తలలో ఖాళీగా ఉంది. పెద్దిరాజు గోడ మీదకి చెయ్యి చూపించాడు. ఆ గదిలో మొదటినుంచీ వేలాడుతున్న పటం కట్టిన ఫొటో అది. బస్టాండు ముందు కుర్రాళ్ళ గుంపు, వాళ్ళ భుజాల మీద మెడనిండా దండలతో సన్నటి మీసాల మాస్టారు, నోరంతా తెరిచి నవ్వుతున్నారు.

"ఆ ఫొటో ఎప్పటిదండీ మాస్టారూ?"

శివరామకృష్ణ మాస్టారు దగ్గరికి వెళ్ళి చూశారు. కళ్ళజోడు పైకీ కిందకీ జరిపి చూశారు. ఇందాక పొట్లంలోంచి తీసుకున్న బజ్జీ ఆయన చేతిలో అలాగే ఉండిపోయింది.

"అందులో ఉన్నది నేనేనంటావా?" అన్నారు.

ఆయన ఇంకాసేపు చూసి, వచ్చి తన చోట కూర్చుని, బజ్జీ పొట్లంలో తిరిగి పెట్టేశారు. ఇంక ఈ గదిలో ఆట లేదనీ, తాళం వేసేస్తాననీ, పాచిక తీసుకెళ్ళి నరసాపురం కాలవలో పారెయ్యమనీ చెప్పారు.

పెద్దిరాజు వేరే మాట అన్నాడు. ఈ ఒక్కసారి ఆడదామనీ, తన వస్తువు తను వదిలి, దుర్గది దుర్గకి తెచ్చిస్తాననీ. అప్పుడు దుర్గ అతని వైపు తిరిగింది.

"మీది మీ దగ్గరే ఉంచుకోండి. మీరు వదిలేటప్పుడు ఎవరి కొంపలోంచి తీసి వదులుతారో, పక్కన కూర్చోవాలంటే భయమేస్తంది."

ఎప్పుడూ ఎవరో ఒకరిని ఏడిపించే మనిషి, బల్ల అంచు మీద ఎవరో పిల్లాడు చెక్కిన పేరుని వేలితో రాస్తూ కూర్చున్నాడు.

దుర్గ తన బల్ల మీద కూర్చుంది. తడిసిన అంచు పిండుకుంది. ఆట మొదలుపెట్టమంది.

హరిచందన కుదరదంది. అందుకు ఆమె చెప్పిన కారణాలు చాలా ఉన్నాయి, చెప్పనిది ఒకటుంది. ఆవలి గట్టు మీద ఏముందో ఆమెకి తెలియదు. కావాలనే ఊహించకుండా వదిలేసింది. కనిపించని దానికే మనుషులు ఎక్కువ భయపడతారు, కాబట్టి అద్భుతం ఎక్కడినుంచి వస్తుందో సరంగు కూడా తేల్చుకోకూడదు అన్నది ఆమె పద్ధతి. ఎంతో గొప్పగా అనిపించిన ఆ పద్ధతి ఇప్పుడు ఆమెకే అడ్డం తిరిగింది. ఏరు తను కట్టిందే. లోతు మాత్రం తను కొలిచింది కాదు. అందులో ఏదో కూర్చుని, ఇచ్చింది ఇచ్చినట్టు పుచ్చుకుంటోంది.

"మీరు ఆట ఆపేస్తే మా అన్నయ్య గొంతు అక్కడే ఉండిపోద్దండి," అంది దుర్గ. "అక్కడ తనకి ఎవరూ లేరు."

ఆ మాట మీద హరిచందన పాచిక చేతిలోకి తీసుకుంది. మాస్టారు తాళం వేస్తానన్నవారు లేవలేదు.

ఎప్పటిలా వర్ణనలు చెయ్యలేదు ఆమె. పొడిపొడిగా చెప్పింది. నల్లలంక రేవులో నీ పడవ కట్టి ఉంది. పొద్దు వాలుతోంది. గాలి లేదు. బురద వాసన. ఇసుక మీద నడిచివెళ్ళిన ఇద్దరి అడుగులూ ఇంకా కనిపిస్తున్నాయి, వాటిలోకి నీళ్ళు ఊరుతున్నాయి. ఆవలి గట్టు కనిపించడం లేదు. ఇప్పుడు నువ్వేం చేస్తావు?

"పడవలోంచి దిగి నీళ్ళల్లో నిలబడతాను. ఏటిని అడుగుతాను."

"ఏం అడుగుతావు?"

"మా అన్నయ్య పిలుపు."

"ఏం వదులుతావు?" ఈ ప్రశ్న హరిచందన చాలాసార్లు అడిగింది. ఇంతకుముందెప్పుడూ దానికి బరువు లేదు.

దుర్గ చెప్పడం మొదలుపెట్టింది, బస్సులో పక్క మనిషికి చెప్పినట్టే. వాళ్ళింట్లో వీధి తలుపుకి గడియ వెయ్యరు. అన్నం ఎప్పుడూ ఒక మనిషికి సరిపడా ఎక్కువే వండుతారు, పొద్దున్న అది చద్దన్నమై తనే తింటుంది. బస్సెక్కితే ముందు వరసల్లో ఉన్న మగవాళ్ళ మెడలు చూస్తుంది, తెలిసిన మెడ ఉందేమోనని. ఆసుపత్రికి ఊరూపేరూ తెలియని మనిషిని మోసుకొస్తే, నాడి చూడాల్సిన తను, గుడ్డ తొలగించి ముందు పాదాలు చూస్తుంది. రెండు సంబంధాలు వచ్చాయి. అన్నయ్య వచ్చాక చూద్దామంది. మద్రాసులో కనిపించాడని ఒకరు, కాకినాడ హార్బరులో చూశామని ఒకరు చెబితే, ఎక్కడికంటే అక్కడికి వెళ్ళొచ్చింది.

"ఇదంతా వదిలేస్తానండి. ఎదురుచూపు."

మాస్టారు అలవాటు కొద్దీ, ఎదురుచూపు జ్ఞాపకం కిందికి రాదమ్మా, రూలు ప్రకారం, అంటూ మొదలుపెట్టి మధ్యలో ఊరుకున్నారు.

పెద్దిరాజు బల్ల మీద చెయ్యి ఆనించి లేచాడు. "వద్దు దుర్గా. అది వదిలేస్తే ఇంక వాడు పోయాడని నువ్వు ఒప్పుకున్నట్టేగా."

"ఉన్నాడో పోయాడో ఏటికి తెలిసే ఉంటది. నాకు తెలీదు. నేను అలిసిపోయానండి."

ముగ్గురూ హరిచందన వైపు చూశారు. చెల్లుతుందా చెల్లదా తేల్చాల్సింది సరంగే. ఇక్కడ పాచిక పనికిరాదు. ఆమె తెలివైన మనిషి; ఆ కాసేపట్లోనే అటూ ఇటూ బేరీజు వేసుకుంది. ఈ పిల్ల వయసు, చద్దన్నం, తిరిగిపోయిన సంబంధాలు. రాని మనిషి కోసం గడియ వెయ్యని తలుపు. పోయేది ఒక బాధ, వచ్చేది ఒక గొంతు. ఇన్నాళ్ళలో నల్లలంక ఎవరికైనా మేలు చేసే బేరం ఏదైనా ఉంటే ఇదే అనిపించింది. ఆ క్షణంలో ఆమెకి భయం కూడా కొంచెం తగ్గింది.

"సరే," అంది. "ఏరు పుచ్చుకుంది."

ఏమీ జరగలేదు. కిటికీ రెక్క గాలికి ఒకసారి కొట్టుకుని ఆగింది. వాన అలాగే పడుతోంది. ఉన్నట్టుండి దుర్గ, పక్కగదిలోంచి ఎవరో పలకరిస్తే తిరిగినట్టు, తల పక్కకి తిప్పింది. నుదురు ముడిపడి, విడింది. నవ్వింది.

"ఎంత మొరటు గొంతండీ మా వాడిది," అంది. "దుగ్గీ... ఓ దుగ్గే... అని. ఆ చివర ఎంత లాగేవాడో. గట్టు మీద కొంగలన్నీ లేచిపోయేవి."

హరిచందన తలలో బోర్లించిన జాడీ ఎవరో తీసేశారు. ఆ జ్ఞాపకంలో కిటికీ పక్క బల్ల మీద కూర్చున్న పెద్దిరాజు నోట్లోంచి, పోయిన వారం కేక ఈ వారం వినిపించింది. మాస్టారు చెవులు మూసుకున్నారు. పెద్దిరాజు గోడ వైపు తిరిగి నిలబడ్డాడు, భుజాలు కదులుతున్నాయి.

దుర్గ ఒక బజ్జీ తీసుకుంది. ఆకలేస్తోందంది. ఆమె మొహంలో ఇంతకుముందు హరిచందన చూడని నునుపు ఒకటి వచ్చింది, వైద్యం బాగా కుదిరినవాళ్ళ మొహంలో కనిపించేలాంటిది. చల్లారిపోయాయి, వేడివి తెచ్చుకోవాల్సింది అని పెద్దిరాజుని కేకలేసింది కూడా. అమ్మయ్య, గట్టెక్కాం అనుకుని హరిచందన బల్ల మీద తల ఆనించబోయింది.

కింద ఆఫీసు గదిలో ఫోను మోగింది.

ఆదివారం ఎవరు చేస్తారని విసుక్కుంటూ మాస్టారు మెట్లు దిగారు. ఆయన అలో అనడం పైకి వినిపించింది. తర్వాత ఆయన గొంతు వినిపించలేదు. చాలాసేపటికి మెట్ల మీద ఆయన అడుగులు, ఒక్కో మెట్టు దగ్గరా ఆగి ఆగి వచ్చాయి. గుమ్మం పట్టుకుని నిలబడ్డారు. మనిషి ఒళ్ళంతా చెమట.

"దుర్గా, మీ అమ్మగారమ్మా. పక్కింటి ఫోన్లోంచి మాట్లాడారు." గుమ్మం వదలకుండానే చెప్పారు. "ఇందాక గట్టు మీంచి కేక వినపడిందంట. ఆవిడ బయటికొచ్చి చూస్తే తాతాజీ అంట. గుమ్మంలో నిలబడి ఉన్నాడంట. ఒళ్ళంతా తడిసిపోయి ఉన్నాడు, దుర్గ పిలిస్తే గానీ లోపలికి రానంటున్నాడు, దాన్ని ఉన్నపళంగా పంపండి అని చెప్పారు."

పెద్దిరాజు గోడ దగ్గర్నుంచి ఇటు తిరిగాడు. హరిచందన లేచి నిలబడింది. ఎందుకు లేచిందో ఆమెకి తెలియదు. ముగ్గురూ దుర్గనే చూస్తున్నారు.

దుర్గ చేతికంటిన నూనె కాగితానికి తుడుచుకుంది. దూరపు చుట్టం ఎవరో వచ్చారని చెబితే వినే మనిషిలా, మర్యాదగా తల ఊపింది.

"అలాగాండి. అమ్మ ఉందిగా, చూసుకుంటదిలెండి," అని, చెయ్యి చాపి హరిచందన ముందున్న పాచిక అందుకుంది. "చందన గారూ, ఇప్పుడు ఎవరి వంతండి?"